తాబేలు మింగిన ఆకు

రాజులు లేరు, అందరం సమానమే అని చెప్పి చీమలు ఏలుతున్న అడవిలో ఒక తాబేలు ఆకులు కుట్టి పత్రిక నడిపేది. అందులో కథలన్నీ ఆకాశంలో వేరే చుక్కల మీదే జరిగేవి. ఈ అడవి గురించి రాస్తే చీమలు పుట్టలోకి ఈడ్చుకుపోతాయి మరి. ఏ కథకైనా ముందు గండుచీమ ముద్ర పడాలి.

ఒకరోజు కీచురాయి కథ తెచ్చింది. ఎక్కడో ఒక చుక్క మీద ప్రశ్న అడిగినవాళ్లు మాయమైపోతుంటారు. ఆఖరి ఆకులో ఒక ముసలి పురుగు సభలో లేచి, "మావాళ్లేరీ?" అని అడుగుతుంది.

గండుచీమ చూడకముందే తాబేలు ఆ ఆకును నమిలి మింగేసి, మిగతాది పట్టుకెళ్లింది.

గండుచీమ చదివి ముద్ర వేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంతేనా పెద్దాయనా? వాళ్లేమయ్యారని ఒక్కరైనా అడుగుతారేమో అనుకున్నాను. అడిగినా ముద్ర వేసేసేవాణ్ణి. మా తమ్ముడు కనబడక ఏడాదైంది," అంది.

పత్రిక వచ్చాక కీచురాయి పరుగెత్తుకొచ్చింది.

"నా ఆఖరి ఆకు తీసేసింది ఆ గండుచీమే కదా? పాపిష్టిది! నిన్నేమీ చెయ్యలేదు కదా తాతా?"

తాబేలు తల డిప్పలోకి లాక్కుంది. తీసింది గండుచీమ కాదని మాత్రం అనలేదు.