సందువైపు టెంకాయ చెట్టు

పురుషోత్తమన్ సైగోను ఓడెక్కాక వచ్చిన మొదటి శుక్రవారమే ఆ ముసలిది దొరికిపోయింది.

కోసపాళయంలోని ఆ ఇంటి సందులో, టెంకాయ చెట్టు మొదట్లో, మట్టిముంతతో నీళ్లు పోస్తోంది. చిరుగుల చీర, పక్కన ఆకుకూరల గంప.

పురుషోత్తమన్ పెళ్లాం అలివేలుమంగకు ఒళ్లు మండింది.

అది ఉత్త చెట్టు కాదు, ఆమె మొగుడి చెట్టు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే కాన్పులో పడ్డ మాయను పాతి, దాని మీద టెంకాయ మొక్క నాటుతారు. చెట్టు పచ్చగా ఉంటేనే మనిషి పచ్చగా ఉంటాడు. దానికి కన్నతల్లి తప్ప ఇంకొకరు నీళ్లు పోస్తే ఆయుష్షుకు చేటు. తన ఇద్దరు పిల్లల చెట్ల దగ్గర అలివేలు అత్తగారిని సైతం చెంబు ఎత్తనివ్వదు.

“యాడిదానివే నువ్వు? ఏంది పోస్తా ఉండావు?”

“మురుంగపాక్కం, తల్లీ. రాజాత్తి నా పేరు.”

“నీ పేరెవురికి గావాల! మా ఇంటాయనకు చేతబడి సూన్యం పెడతా ఉండావా?”

“అయ్యో, ఉత్త నీళ్లే తల్లీ. బిడ్డ కడలి మీద ఉండాడు. చెట్టు ఎండకూడదు.”

“బిడ్డంట! ముప్పై ఏండ్ల షావుకారు నీకు బిడ్డయినాడా? ఇంకాసేపుంటే నా కొడుకును మనవడంటావు! కన్నది తప్ప ఇంకొకరు పోస్తే కీడని తెలీదా?”

“తెలుసు తల్లీ.”

“తెలిసే పోసినావా!”

అలివేలు ముంత లాక్కుని గోడకేసి కొట్టింది. గంపను కాలితో తన్నింది.

ముసలిది చెదిరిన మునగాకు ఏరుకుంటూ కూడా చెట్టువైపే చూస్తోంది.

అత్తగారు కమలమ్మాళ్ గడప దాకా వచ్చింది. “పోనీలేవే అలివేలూ. పెద్దమనిషి.”

“మీరూరుకోండత్తా. మీరు పోసుంటే ఇట్లాంటి కుక్కలెందుకొస్తాయి?”

అదీ నిజమే. కొడుకు చెట్టుకు కమలమ్మాళ్ ఒక్కనాడూ నీళ్లు పోసి ఎరగదు. మోకాళ్ల నొప్పి అంటుంది. గొప్పింటి బద్ధకమని అలివేలు వెక్కిరింపు.

అత్తగారు లోపలికి పోయింది.

“ఇంకోసారి కనబడితే ఎర్రటోపీ పోలీసు సిపాయితో ఈడ్పిస్తా, పో!”

రాజాత్తి చెట్టును ఒకసారి తడిమి, గంపెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నాలుగు శుక్రవారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. చెట్టు మట్టలు పసుపుబారాయి. సైగోను నుంచి జాబు లేదు. అలివేలుకు అన్నం సయించడం లేదు.

ఒకనాడు మురుంగపాక్కం నుంచి వేరొకతె ఆకుకూర తెచ్చింది. ముసలిదేమైందని అలివేలు అడిగింది.

“రాజాత్తవ్వా? పోయి పదిరోజులాయె. కన్నుమూసే దాకా చెట్టు, చెట్టు అని ఒకటే కలవరింత.”

“పీడ విరగడైంది,” అంది అలివేలు. లోపలికి పోయి నిండు చెంబు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. “లేవండత్తా. మోకాళ్ల సాకులు చాలు. కన్నచేత్తో ఒక్క చెంబు పొయ్యండి.”

కమలమ్మాళ్ చెట్టుదాకా నడిచింది. చెంబు వంచలేదు. మెల్లగా నేలమీద పెట్టేసింది.

“కన్నచేతిలో ముంతను ఆ పొద్దే పగలగొట్టినావు గదే,” అంది.