మెత్తని మీటలు

పాత వంతెనను ఏరు లాక్కుపోయిన వరదకు అది మూడో ఏడు. పుచ్చకాయల రోజులు. కోర్టు గోడ పక్కన రేకుల గదిలో ఎవరిదో అర్జీ కంప్యూటర్లో కొడుతుండగా తుర్దాలి వేళ్ళు బిగుసుకుపోయాయి. మిగతా సగం ఒంటి వేలితో కొట్టి ఇచ్చాడు.

ఇంటికెళ్తే భార్య సాలికా కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే తేల్చి చెప్పింది. ఆ మొండి కీబోర్డు పారేసి మెత్తనిది చూసుకోవాలి, లేదంటే అర్జీలు మానేసి బావమరిది గొర్రెలు కాసుకోవాలి. బావమరిది పేరు వినగానే తుర్దాలి బజారుకు బయల్దేరాడు.

దుకాణాలన్నీ తిరిగాడు. ఒకటి మరీ పల్చన, వేలు ఆనితే రెండేసి అక్షరాలు పడ్డాయి. ఒకటి నడుమ వంపు తిరిగి గుర్రం జీనులా ఉంది. ఇంకోదాంట్లో రంగురంగుల దీపాలు వెలిగాయి. పెళ్ళిపందిట్లో కూర్చుని అర్జీలు రాయలేనని దాన్నీ పెట్టేసి వచ్చాడు. అతని చేతికి నచ్చింది ఊరు మొత్తానికి ఒకటే. అది ఎదురు గదిలో అర్జీలు రాసే జోల్దోష్‌ది. పట్నం నుంచి తెప్పించాడు. వెన్న మీద వేలు పెట్టినట్టుంటుంది, చప్పుడే చెయ్యదు. రోజూ సాయంత్రం దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోతాడు. అయినా ఎందుకో జోల్దోష్ గదికి మనుషులు పోరు.

మావైపు ఒక మర్యాద ఉంది. ఇంటికి అతిథిగా వచ్చినవాడు ఏ వస్తువునైనా నోరారా మెచ్చుకుంటే, దాన్ని అతని చేతిలో పెట్టి పంపాలి. ఆ ఆదివారం తుర్దాలి కొత్త టోపీ పెట్టుకుని జోల్దోష్ ఇంటికి టీకి వెళ్ళాడు.

రెండో గిన్నె టీ అయ్యాక మొదలుపెట్టాడు. “నీ కీబోర్డు లాంటిది నేనెక్కడా చూళ్ళేదు తమ్ముడూ.”

జోల్దోష్ కిటికీ వైపు చూశాడు. “పుచ్చకాయ తిను అన్నా.”

“తింటాను. ఆ మీటలున్నాయే...”

“చెర్రీ జాము వేసుకో.”

“వేసుకుంటాను. ఆ మీటల మెత్తదనం ఉందే...”

జోల్దోష్ లేచి, గుడ్డతో సహా తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. “రేపు నేను దేంతో కొట్టాలి? నీ పాతది ఊరికే ఇస్తావా, నేనూ మీ ఇంటికొచ్చి మెచ్చుకోవాలా?”

తుర్దాలి నవ్వి, అంత శ్రమ ఎందుకన్నాడు. సాయంత్రమే పాతది పంపించేశాడు.

మర్నాడు బుబుజాన్ అనే ముసలామె వచ్చింది. పక్కపొలం వాడు ఆమె వంతు నీళ్ళు మళ్ళించుకున్నాడు. తుర్దాలి హాయిగా కొట్టుకుపోతున్నాడు. ఆమె చెవి ఒగ్గి కూర్చుంది.

“ఎప్పుడు మొదలుపెడతావు నాయనా?”

“సగం అయిపోయిందమ్మా.”

“చప్పుడేదీ? పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నావు. నాది నీళ్ళ తగువు. ఇంత మెత్తగా రాస్తే జడ్జి లెక్క చేస్తాడా?”

ఆమె తలగుడ్డ బిగించుకుని ఎదురు గదికి పోయింది. అక్కడ జోల్దోష్ పాత కీబోర్డు మీద రాళ్ళు కొడుతున్నట్టు కొడుతున్నాడు. మధ్యాహ్నానికి అతని గుమ్మం ముందు వరస కట్టారు. తుర్దాలికి వేళ్ళ నొప్పి లేదు, పనీ లేదు. వెళ్ళి పాతదాన్ని మెచ్చుకుంటే తిరిగొస్తుంది. దాంతోపాటు నొప్పీ వస్తుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి, టోపీ తియ్యకుండా, భార్య ఎదురుగా అతిథిలా కూర్చున్నాడు.

“సాలికా, నీ కుట్టుమిషను ఎంత బాగుందే.”

సాలికా తొక్కడం ఆపింది. అతన్ని ఎగాదిగా చూసింది. “నీకేమన్నా మతిపోయిందా?”

“ఎంత గట్టి మిషను.”

ఆమె గొణుక్కుంటూ లేచి, కుట్టే బట్ట లాక్కుని మిషను వదిలేసింది. మర్యాద మర్యాదే.

మర్నాడు పొద్దున తుర్దాలి గదిలోంచి గోడలు అదిరేలా మోత మొదలైంది. ఎదురు గది ముందున్న వరస ఇటు తిరిగింది. అందరికంటే ముందు బుబుజాన్ వచ్చి, నిన్నటి అర్జీ మళ్ళీ రాయమంది. ఆ మోత వింటూ, కళ్ళు మూసుకుని, ఇదీ రాతంటే అని తలూపింది.

బల్ల మీద తుర్దాలి వేళ్ళు మెత్తగా కదులుతున్నాయి. బల్ల కింద, దుప్పటి చాటున, అతని కాళ్ళు సాలికా మిషను తొక్కుతున్నాయి.