దాచిన జ్వరం

బచేలి రైల్వే క్వార్టర్లో జోగినాయుడు ఫోను స్పీకర్‌లో పెట్టాడు. విశాఖ నుంచి కిడ్నీ డాక్టరు మాట్లాడుతున్నారు. పక్కన పైడమ్మ కూర్చుంది. అతని భార్య; అతనికి కిడ్నీ ఇచ్చింది ఆమే.

"మీకు రక్తం ఎందుకు నిలవడం లేదో తెలిసింది. ఇదొక వైరస్. పిల్లలకు జలుబులా మొదలై, బుగ్గలు ఎర్రబడి తగ్గిపోతుంది. కిడ్నీ మార్పించుకున్నవాళ్లకు ఒంట్లో రక్తం తయారు కానివ్వదు. ఆపరేషన్ తర్వాత జ్వరమేమైనా వచ్చిందా?"

"నేదు బాబూ. వస్తే నాకు తెలీదేటి?" అంది పైడమ్మ.

జోగినాయుడు తల దించుకున్నాడు. ఆపరేషనైన మూడో నెలలో, ఎవరింటికీ వెళ్లొద్దని ఆమె ఎంత చెప్పినా వినకుండా, పక్క ఊరు కిరండూల్‌లో స్నేహితుడి మనవరాలి పుట్టినరోజుకు దొంగచాటుగా వెళ్లాడు. జలుబు చేసిన ఆ పిల్లను గంటసేపు ఎత్తుకున్నాడు. పది రోజులకు జ్వరమొస్తే మాత్రలు మింగి దాచాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలుగా రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. పైడమ్మ మాటలు తగ్గించేసింది. తన తప్పు ఆమె కనిపెట్టేసిందనే అతను అనుకున్నాడు.

"వచ్చింది డాక్టర్‌గారూ. దీనికి చెప్పనేదు," అన్నాడు. జరిగిందంతా చెప్పేశాడు.

ఇంజెక్షన్లతో నయం చేయొచ్చని, వెంటనే రమ్మని అన్నారు డాక్టరు.

పైడమ్మ భర్త వైపు చూడలేదు. ఫోను మీదికి వంగింది.

"అయితే బాబూ, నానిచ్చిన కిడ్నీలో దోసం నేదా?"

"లేదమ్మా. అది చక్కగా పనిచేస్తోంది."

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చబోయిన జోగినాయుడి చెయ్యి ఆమె భుజం దాకా వెళ్లి ఆగిపోయింది.