మళ్లీ మొదట్నుంచి

“అంకుల్, నాకు సాయంత్రం దాకా బ్యాటరీ నిలబడితే చాలు,” అంది స్వాతి.

“బ్యాటరీ కాదు. దాంట్లో రైలు ఆట ఆడాల,” అన్నాడు ఆమె తండ్రి దేముడు.

ఖరిదా బజారులో లాప్‌టాప్‌ల కొట్టు నడిపే నగరేశ్వరరావు పగలబడి నవ్వాడు. “పిల్లలు గేమ్స్ అడుగుతారు, తండ్రులు తిడతారు. మీ ఇంట్లో అంతా తలకిందులుగా ఉందే!”

స్వాతి నవ్వలేదు. వచ్చే వారం నుంచి ఆమె మేదినీపూర్ కాలేజీకి లోకల్ రైల్లో వెళ్లి రావాలి. క్లాసుల్లో ప్లగ్గులు ఉండవట. వాళ్లు కొనగలిగేది ఒక్కటే. చదువు అయ్యేదాకా దాన్ని భుజాన మోయాల్సింది తనే.

నగరేశ్వరరావు రెండు లాప్‌టాప్‌లు బల్ల మీద పెట్టాడు. ఒకటి పలచనిది, పగలంతా చార్జింగ్ అడగదు. రెండోది బరువైనది, ఏ ఆటైనా ఆడుతుంది, పూట గడవక ముందే చతికిలబడుతుంది. దాని చార్జర్ ఇటుకంత ఉంది.

“రోజూ ఈ ఇటుక నేను మొయ్యాలా? నాన్నా, నేను గేమ్స్ ఆడను. నువ్వూ ఆడవు.”

దేముడు గూడ్సు బండి డ్రైవరు. కొన్నాళ్లుగా సెలవులో ఉన్నాడు. ఇంట్లో కుర్చీ, కిటికీ, అంతే. ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. అందుకే స్వాతికి కోపం రావడం లేదు. అర్థమూ కావడం లేదు.

“అందులో టాటా ఎల్లే మన రైలు లైను ఉంటాదా?” దేముడు అడిగాడు.

“ఎవరో కుర్రాళ్లు తయారుచేసి పెట్టారు. చెట్లతో సహా,” అన్నాడు నగరేశ్వరరావు.

“బ్రేకేసినాక నిజం బండిలాగ ఈడ్సుకుపోతాదా? ఆటోలాగ ఠక్కున ఆగిపోతాదా?”

“మీరు నడిపే దానికంటే నిజం, దేముడు గారూ!”

“తప్పు జరిగిపోతే?”

“మళ్లీ మొదట్నుంచి. ఆట కదా, ఎన్నిసార్లయినా.”

దేముడు మెల్లగా తలూపాడు.

ముందు పలచనిదాని ముందు కూర్చున్నాడు. వేళ్లకు మీటలు కొత్త; లైను పాతదే. బండి కలైకుండ స్టేషను దాటింది. సాల్ చెట్ల దగ్గరకు వచ్చేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. చెట్లు, పట్టాలు, ఎండ. ఏదీ కదలదు.

దేముడు ఠపీమని మూత మూసేశాడు.

“ఇదొద్దు. ఇది నేను సూడలేను.”

“ఠీక్ హై, ఠీక్ హై. ఇంకోటి చూడండి.”

రెండోదాని మీద బండి నున్నగా సాగింది. సాల్ చెట్లు ఇంకా చాలా దూరంలో ఉండగానే దేముడు బ్రేకు వేశాడు. బండి మూలిగింది. ఈడ్చుకుంటూ వెళ్లి, చెట్లకు ఇవతలే నిలబడిపోయింది. ముందు ఖాళీ పట్టాలు.

“అక్కడ సిగ్నలూ లేదు, స్టేషనూ లేదు. ఎందుకు ఆపేశారండీ?” నవ్వాడు నగరేశ్వరరావు.

“ఆగినాది,” అన్నాడు దేముడు. “సూడమ్మా, ఆగినాది.”

స్వాతి అతని భుజం మీద చెయ్యి వేసింది. బల్ల మీది ఇటుకను తీసి తన బ్యాగులో పెట్టుకుంది.

“ఇదే ఇవ్వండి, అంకుల్.”

పోయిన నెల, నిజం ఇంజన్లో, ఆ చెట్ల దగ్గరే, కాలేజీ బ్యాగుతో పట్టాల మధ్య నిలబడ్డ ఒక అమ్మాయి ముందు అతని బండి ఆగలేదు.