వెనక్కి చాచిన చెయ్యి

"కాల్చు! ఎందుకలా నిలబడిపోయావ్? కాల్చు!"

నోరీన్ ఈ మాటలు గట్టిగా అనలేదు. అనకూడదని పొద్దున్నే చెప్పాడు వెండెల్. ఎలుగుబంటి ఎదురైతే ఒక్కరే మాట్లాడాలి, అదీ దానితోనే. రెండో మనిషి నోరు మెదపకూడదు, అడుగు కదపకూడదు, ప్రాణం మీదికొచ్చినా పరిగెత్తకూడదు. అందుకే అతని వీపు వెనక నక్కి, పళ్ళ బిగువున గొణుగుతోంది.

ఎలుగుబంటి అప్పటికే వాగు దాటి ఇవతలి ఒడ్డుకి వచ్చేసింది. దాని మూతికి చేప పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. అది తలెత్తి వాసన చూస్తోంది.

నోరీన్ పని వాగులో సాల్మన్ చేపల్ని లెక్కపెట్టడం. ఆమె నీళ్ళలోకి వంగి లెక్కపెడుతుంటే తుపాకీ పట్టుకుని కాపలా కాయడం వెండెల్ పని. పొద్దుటి నుంచీ ఆ పని దర్జాగానే చేశాడు, బండ మీద కూర్చుని కాఫీ తాగుతూ. తీరా అసలు అవసరం వచ్చేసరికి తుపాకీ ఎత్తాడు, కటక్‌మని దాని బోల్టు ఒకసారి లాగాడు, ఎందుకో కిందికి దించేశాడు.

"ఏమోయ్ పెద్దమనిషీ," అన్నాడు ఎలుగుబంటితో, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినంత నెమ్మదిగా. "తప్పు మాదేలే. నీ వాగు నీదే, నీ చేపలు నీవే. మేం పోతున్నాం."

"దాంతో కబుర్లేంటి నీకు? కాల్చవయ్యా!"

వెండెల్ కబుర్లు ఆపలేదు, వెనక్కి తిరగనూ లేదు. ఎడమ చెయ్యి మాత్రం మెల్లిగా వెనక్కి చాచాడు, అరచెయ్యి పైకి పెట్టి. వేళ్ళు వణుకుతున్నాయి. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

నోరీన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. కాపలా మనిషికే భయం పట్టుకుంది! చెయ్యి పట్టుకోమంటున్నాడు! ఏం చేస్తుంది పాపం, పట్టుకుంది. అతను విదిలించుకుని మళ్ళీ చాచాడు. ఈసారి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అలా ముందుకి వంగేసరికి కోటు లోపలి జేబులో ఏదో పక్కటెముకకి గుచ్చుకుంది. పొద్దుటి నుంచీ అదే గోల, వంగినప్పుడల్లా. చూసుకునే తీరికేదీ?

ఎలుగుబంటి ఇంకో అడుగు వేసింది.

అప్పుడు వినిపించింది సరస్సు మీదనుంచి విమానం మోత. ఎలుగుబంటి చెవులు అటు తిప్పింది, ఇష్టం లేనట్టుగా వెనక్కి మళ్ళింది. వాగు దాటి అవతలి పొదల్లో దూరిపోయింది. కాసేపు ఆ పొదలు కదులుతూనే ఉన్నాయి.

నోరీన్ అతని చెయ్యి విసిరికొట్టి సరస్సు వైపు పరుగులాంటి నడక అందుకుంది.  చీమ చిటుక్కుమన్నా వెనక్కి తిరిగి చూస్తోంది.

"అమ్మాయ్, ఒక్క మాట..." వెనకే వస్తున్నాడు వెండెల్.

"నీ మాటలు ఆ ఎలుగుబంటికి చెప్పుకో! అలాస్కా మొత్తంలో తుపాకీ పట్టుకుని కబుర్లు చెప్పేవాడివి నువ్వొక్కడివే!"

"అప్పుడే చెబుదామనుకున్నా. చెబితే నువ్వు పరిగెత్తేస్తావని..."

"ఎవరూ, నేనా? వేళ్ళు వణికింది నీకు!"

ఇంకేం అన్నాడో విమానం మోతలో కలిసిపోయింది. అది నీళ్ళ మీద దిగి, జారుకుంటూ ఒడ్డుకి వచ్చి ఆగింది. పైలట్ గస్ తాడు పట్టుకుని కిందికి దిగాడో లేదో, నోరీన్ అతని మీద విరుచుకుపడింది.

"ఈయన్ని ఇంకెవరికీ కాపలా పెట్టకండి! క్యాంపుకి వెళ్ళగానే చెప్పేస్తున్నా. మీదికి ఎలుగుబంటి వస్తుంటే ఒక్కసారి కూడా కాల్చలేదు. పైగా చంటిపిల్లాడిలా నా చెయ్యి కోసం చెయ్యి చాచాడు!"

గస్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "నిజమేనా వెండెల్?"

"చెయ్యి చాచిన మాట నిజమే." వెండెల్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఉద్యోగం ఊడుతుందయ్యా బాబూ."

"ఊడితే ఊడనీ. దిగగానే చూసుకోవాల్సింది నేను. నాదీ ఉంది తప్పు."

"నీదీ ఏంటి, మొత్తం నీదే!" అంది నోరీన్. ఆమెకి ఏడుపు తన్నుకొస్తోంది. చచ్చిపోయేదే ఇవాళ. ఈ ముసలాయన ఇంత తాపీగా టోపీ దులుపుకుంటున్నాడు. రేపు ఇంకెవరినో ఇలాగే చంపేస్తాడు.

"సర్లెండి, ఆ గొడవేదో క్యాంపులో తేల్చుకోండి, గాలి పెరుగుతోంది," అన్నాడు గస్. "ముందు నా సంగతి చూడండి. పొద్దున్న వచ్చినట్టే పోవడం కూడా. నా విమానంలో తుపాకీ ఒకరి దగ్గర, తూటాలు ఇంకొకరి దగ్గర. వెండెల్, తుపాకీ ఖాళీ చేశావా?"

"ఖాళీయే."

"మరి తూటాలేవీ?"

వెండెల్ టోపీ తలకి పెట్టుకున్నాడు. నోరీన్ వైపు ఎడమ చెయ్యి చాచాడు, అరచెయ్యి పైకి పెట్టి, ఇందాకటిలాగే.

నోరీన్ చెయ్యి దానంతటదే కోటు లోపలి జేబులోకి వెళ్ళింది. పొద్దున్న గస్ ఇచ్చిన తూటాలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.