జవాబు రాకూడని పరీక్ష

చదరంగం ఆడే ప్రోగ్రాములతో, అంటే ఇంజన్లతో, మాట్లాడే ఉచిత కోడ్ లైబ్రరీకి ఆ రాత్రి చివరి పరీక్ష మిగిలింది. ఇంజను లేకుండానే "సిద్ధమా?" అని అడగాలి, జవాబు రాకూడదు.

"సిద్ధం" అని వచ్చింది.

ఆఫీసులో ప్రోగ్రామరు ఒక్కడే ఉన్నాడు. ఇంజన్లన్నీ తుడిచేసి, నెట్ తీగ పీకేసి మళ్లీ అడిగాడు. "సిద్ధం." ఇంటికి పోదామని లేచాడు. తలుపుకు కార్డు ఆనిస్తే ఎర్రదీపమే వెలిగింది. అక్కకు ఫోన్ చేశాడు.

"ఆఫీసు తలుపు తెరుచుకోవట్లేదక్కా."

"బుర్ర వేడెక్కేదాకా పనిచేస్తే అంతే. ఉండు, నేనొచ్చి వాచ్‌మన్‌ని లేపుతా."

అతను ఫోను పెట్టేయకుండానే కీబోర్డు మీద "ఆపు" అని కొట్టాడు. ఆలోచన ఆపమంటే ఇంజను తాను వేయబోయే ఎత్తు చెప్పాలి. "ఎత్తు లేదు" అని వచ్చింది. కదలడానికి ఒక్క గడీ కూడా మిగలనప్పుడే ఇంజన్లు అలా చెబుతాయి.

ఫోనులో అక్క గొళ్లెం లాగుతున్న చప్పుడు వినిపించింది. మళ్లీ వినిపించింది.

"ఒరేయ్," అంది అక్క నెమ్మదిగా, "మన ఇంటి తలుపు కూడా తెరుచుకోవట్లేదురా."