కాళ్లు చూసి పాట

"ఆ పాట తీసెయ్ నాయనా. కాళ్లు తట్టుకోలేకుండాయి."

క్రాంతి కుమార్ వెనక్కి తిరిగి చూశాడు. పెడళ్లు బిగించడానికి సైకిల్ షాపు వాళ్లు పంపిన ముసలాయన. చేతిలో స్పానరు, పక్కన గ్రీజు పట్టి నల్లబడిన స్టీలు గ్లాసు.

"నిన్ను పిలిచింది పెడళ్లు బిగించేకి. పాటలు చెప్పేకి కాదు."

అది 2009. హిందూపురం జిమ్ముల్లో కదలని సైకిళ్ల క్లాసు అప్పుడే కొత్త. మేడమీద హాల్లో పది సైకిళ్లు, రెండు పెద్ద స్పీకర్లు, పాటలు పెట్టడానికి ఒక కంప్యూటరు. తొక్కించే మాస్టారు క్రాంతి. వయసు ఇరవై రెండు, పొగరు దానికి రెండింతలు.

పొగరుకు కారణం గోడ మీదే ఉంది. వాళ్ల నాయన అంజనప్ప ఫోటో. ఒకప్పుడు ధర్మవరం మైదానంలో ఏడు రోజులు కాలు నేలకు ఆనించకుండా సైకిల్ తొక్కిన మనిషి. స్నానం సైకిల్ మీదే, అన్నం సైకిల్ మీదే.

"మా రక్తంలోనే ఉండాది సైకిలు," అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు క్రాంతి.

పోయేముందు నాయన మాత్రం ఇంకోటి గొణిగేవాడు. "తొక్కింది నేనే గానీ, తొక్కించినోడు వేరే ఉండాడు." దేవుణ్ణి తలుచుకుంటున్నాడు కాబోలనుకుని కొడుకు పట్టించుకోలేదు.

రక్తంలో ఏమున్నా, క్లాసులో మాత్రం జనం నిలవడం లేదు. మొదటి వారం పదిమంది. మూడో వారానికి ఐదుగురు. జిమ్ము ఓనరు ఆదినారాయణ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"నెలాఖరుకు పది సైకిళ్లూ నిండాల. లేదంటే అమ్మేస్తా. నువ్వు ఇంటికి పో."

దాంతో క్రాంతి ఇంకా హుషారు పాటలు తెచ్చాడు. ఏ సినిమా హిట్టయితే ఆ సీడీ. నాలుగో పాటకే అందరికీ రొప్పు.

ముసలాయన నోరు కట్టుకుని ఊరుకోలేదు.

"సినిమా చూసి పాట పెడితే ఎట్లప్పా? కాళ్లు చూసి పెట్టాల. ఆ టీచరమ్మ మోకాళ్లు చూడు, వణుకుతాండాయి."

"నీ జన్మలో స్పీకరు ముట్టుకున్నావా నువ్వు?"

ముసలాయన నవ్వి మళ్లీ స్పానరు తిప్పాడు. పని అయ్యాక ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"చూసింది చాలు. దిగు కిందికి."

మర్నాడు పిలవకుండానే వచ్చాడు. అదీ క్లాసు నడుస్తుండగా. క్రాంతి కసురుకునేలోపే కరెంటు పోయింది. పాట ఆగింది, కాళ్లూ ఆగాయి.

ముసలాయన గ్లాసు బోర్లించి స్పానరుతో కొట్టడం మొదలుపెట్టాడు. టంగ్, టంగ్. నిదానంగా.

ముందు ఆ టీచరమ్మ భారతి కాళ్లు కదిలాయి. తర్వాత అందరివీ. ఆయన చూపంతా వాళ్ల మోకాళ్ల మీదే. ఎవరైనా అలిసినట్టు కనిపిస్తే దెబ్బ తగ్గించేవాడు. ఊపు వస్తే రవ్వంత పెంచేవాడు. కరెంటు వచ్చేసరికి నలభై నిమిషాలయింది. ఒక్కరూ దిగలేదు.

"ఇదీ క్లాసంటే," అంది భారతి చెమట తుడుచుకుంటూ.

ఆ ఒక్క మాటకు క్రాంతికి ఒళ్లు మండింది. గ్లాసు లాక్కుని మూలకు విసిరేశాడు.

"ఇంకోసారి మెట్లెక్కితే కాళ్లు ఇరగ్గొడ్తా."

"గ్లాసన్నా ఇయ్యి నాయనా."

"పోతావా లేదా?"

రెక్క పట్టుకుని మెట్ల దాకా నెట్టుకొచ్చాడు. ముసలాయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయాడు.

వారం తిరిగేసరికి క్లాసులో ఇద్దరు మిగిలారు. భారతి కూడా మానేసింది.

"ఆ గ్లాసాయన వస్తే చెప్పప్పా, మేమంతా వస్తాం," అంది బజార్లో కనిపించినప్పుడు.

నెలాఖరుకు ఇంకా ఐదు రోజులు. గతిలేక క్రాంతి మూలలో వెతికి గ్లాసు తీశాడు. సైకిల్ షాపుకు పోయి ముసలాయన కోసం అడిగాడు.

"ఫక్రుద్దీన్ సాబా? ఆయన ఇల్లు పెనుకొండ. వారం నుంచి పనికి రాలేదు," అన్నాడు షాపాయన.

పెనుకొండ బస్సెక్కాడు. ఎండలో సందులన్నీ తిరిగితే ఇల్లు దొరికింది. గుమ్మంలో ఒక ముసలావిడ బియ్యం ఏరుతోంది. ఆయన భార్య రోషన్‌బీ.

"సాబు ఉండాడా అవ్వా?"

"లేడు. మొన్న శుక్రవారం పొయినాడు. గుండె ఆగిపొయింది."

ఆమె చూపు అతని చేతిలోని గ్లాసు మీద పడింది.

"దీన్ని ఇసిరేసినోడివి నువ్వేనా?"

అతను తల దించుకున్నాడు.

"ఇరవై ఏండ్లు దాంట్లోనే టీ తాగినాడు. యాడికి పోయినా ఎంట ఉండల్ల. నేను పోయి అడుగుతా అంటే, వద్దు, పిల్లోడు చిన్నబోతాడు, వాడే తెస్తాడు అన్యాడు. ఇప్పుడు తెచ్చినావు."

"తప్పయిపోయింది అవ్వా."

"నాకెందుకు చెప్తావు? చెప్పాల్సినోనికి చెప్పలేదు గదా." ఆమె గ్లాసు లాక్కుంది. "కూర్చో. నీ మొగం చూడబుద్ధి కాలేదు గానీ, మా ఇంటికొచ్చినోళ్లను నీళ్లియ్యకుండ పంపము."

అంట్లు తోమే జాలాడి దగ్గర కూర్చుని బూడిద వేసి, పీచుతో గట్టిగా తోమింది. గ్రీజంతా పోయింది. నీళ్లు నింపి అతని ముందు పెట్టి, మొహం తిప్పుకుంది.

క్రాంతి గ్లాసు ఎత్తాడు.

అంచు కింద చుట్టూతా, చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు బయటపడ్డాయి: "ఏడు దినాలూ మైకులో పాటలు పెట్టి తొక్కించిన ఫక్రుద్దీన్‌కు, తొక్కిన అంజనప్ప. ధర్మవరం, 1990."